వేడెక్కితే ఆగిపోయే పాత కారు: లోపం ఎక్కడుందో తేల్చడం ఎలా

చల్లగా ఉన్నప్పుడు మొదటి సెల్ఫ్‌కే అందుకొని, ఇరవై నిమిషాలు ఏ వంకా లేకుండా నడిచి, ఆ తరువాత ఉన్నట్టుండి ఆగిపోయి, అరగంట నీడన నిలబెడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే పాత కారు యజమానిని రోడ్డు మీద ఏడిపిస్తుంది, మెకానిక్‌ను షెడ్డులో ఏడిపిస్తుంది. షెడ్డుకు చేరేసరికి బండి చల్లబడిపోతుంది. చల్లబడిన బండిలో లోపం కనబడదు. కనబడని లోపానికి వైద్యం చెయ్యాలి కాబట్టి ఊహ మీద పంపు మారుస్తారు, పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బ్యురేటర్ విప్పి కడుగుతారు, ప్లగ్గులు కొత్తవి వేస్తారు, చివరికి ఇంజిన్ దించాలంటారు. 1960ల నాటి నాలుగు సిలిండర్ల సెడాన్ ఒకదాని మీద నేనూ ఇదే వరసలో ఒక పంపును, ఒక కార్బ్యురేటర్ కిట్టును, రెండు నెలల ఆదివారాలను ఖర్చుపెట్టాను. దోషం వాటిలో దేనిదీ కాదు; స్పార్క్‌ను ఒక్కో సిలిండర్‌కు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో ఉండే, బొటనవేలంత కూడా లేని కండెన్సర్‌ది.

విడిభాగాలు కొనే ముందు సాక్ష్యం సేకరించాలన్న బుద్ధి అప్పుడు వచ్చింది. ఈ రకం లోపంలో ఆ సాక్ష్యం బండి ఆగే ముందు కొన్ని క్షణాలు, ఆగిన తరువాత రెండు మూడు నిమిషాలు మాత్రమే దొరుకుతుంది. ఆ సమయంలో ఏం చూడాలో ముందే తెలిసి, పనిముట్లు డిక్కీలో సిద్ధంగా ఉన్నవారికి లోపం ఒకటి రెండు ప్రయాణాల్లోనే తేలుతుంది. తెలియనివారు ఆ నిమిషాలను వరసగా సెల్ఫ్ కొట్టి, బ్యాటరీని దించుకుంటూ పోగొట్టుకుంటారు.

వేడి వల్లనా, సమయం వల్లనా, చోక్ వల్లనా

"వేడెక్కాక ఆగుతోంది" అన్న ఒక్క మాటలో కనీసం మూడు వేరువేరు ఫిర్యాదులు కలిసిపోయి ఉంటాయి. ఇంజిన్ వేడెక్కడానికి పట్టే కాలంలోనే మరో రెండు పనులు కూడా జరుగుతాయి: ట్యాంకు నుంచి పెట్రోల్ కొంత ఖర్చవుతుంది, చోక్ (చల్లని ఇంజిన్‌కు గాలిని తగ్గించే పలక) తెరుచుకుంటుంది. ఈ రెంటిలో ఏది బండిని ఆపినా యజమాని కంటికి అది వేడి చేసిన పనిలాగే కనిపిస్తుంది.

ట్యాంకు మూత సంగతి చూడండి. పెట్రోల్ ఖర్చవుతున్నకొద్దీ దాని చోటులోకి గాలి రావాలి. చాలా పాత కార్లలో ఆ గాలి మూతలోని సన్నని రంధ్రం గుండానే వస్తుంది. ఆ రంధ్రం మట్టితోనో తుప్పుతోనో మూసుకుపోయినా, గాలిరంధ్రం లేని మూతను ఎవరైనా పొరపాటున బిగించినా, ట్యాంకులో నెమ్మదిగా శూన్యం ఏర్పడి, చివరికి పంపు లాగలేని స్థితి వస్తుంది. బండి దగ్గి, నీరసించి ఆగుతుంది. కాసేపటికి సందుల్లోంచి గాలి చొరబడి మళ్లీ నడుస్తుంది. ఆగిన వెంటనే మూత తిప్పి చూస్తే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు "స్స్" మని వినిపిస్తుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, అయినా దీన్ని చేసేవారు తక్కువ. ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పు కూడా ఇలాంటి నాటకమే ఆడుతుంది. బండి నడుస్తున్నంతసేపూ పెట్రోల్‌తో పాటు కొట్టుకువచ్చి లోపలి గొట్టం మూతికి అడ్డుపడుతుంది, ఇంజిన్ ఆగి లాగడం మానగానే జారి కిందపడుతుంది, దారి మళ్లీ తెరుచుకుంటుంది. వేడిని, సమయాన్ని విడదీయడానికి ఒక చిన్న పుస్తకంలో రాసుకోవడం చాలు: చల్లని ఉదయమైనా మండే మధ్యాహ్నమైనా దాదాపు అదే వేగానికి, అదే దూరానికి ఆగుతుంటే వేడిని అనుమానించడం మాని ట్యాంకు వైపు నడవాలి.

చోక్ సంగతి ఇంకొంచెం సూక్ష్మమైనది. చల్లని ఇంజిన్‌కు చోక్ వేసినప్పుడు మిశ్రమంలో పెట్రోల్ పాలు పెరుగుతుంది, దానికి తగిలించిన లివర్ ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ వదిలినప్పటి) వేగాన్ని కూడా పెంచుతుంది. అంటే మొదటి పది నిమిషాలు ఇంజిన్ ఊతకర్ర పట్టుకొని నడుస్తుందన్నమాట. కార్బ్యురేటర్ కింది గ్యాస్కెట్ దగ్గరో, బ్రేకు బూస్టర్‌కు వెళ్లే గొట్టం దగ్గరో గాలి లీకవుతున్నా, ఐడ్లింగ్‌కు పెట్రోల్ ఇచ్చే ఐడిల్ జెట్ రంధ్రంలో నలుసు ఇరుక్కున్నా, ఆ ఊతకర్ర ఉన్నంతసేపూ బయటపడదు. చోక్ పూర్తిగా తెరుచుకున్నాక మిశ్రమం పలచబడి, సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్ ఆగిపోతుంది. కాలు వేసి ఉంచితే మాత్రం నడుస్తుంది. ఇలా ఆగబోతున్న క్షణంలో చోక్‌ను అర అంగుళం లాగితే ఇంజిన్ కోలుకుందంటే మిశ్రమం పలచగా ఉందని తేలినట్టే. దానికి విరుద్ధంగా, చోక్ తెరుచుకోకుండా ఇరుక్కుపోయి ఉంటే వేడెక్కిన ఇంజిన్ గొంతు దాకా పెట్రోల్ తాగి, నల్లని పొగ వదులుతూ, కుంటుతూ ఆగుతుంది. ఆటోమేటిక్ చోక్ ఉన్న బండ్లలో రెండు లోహాల స్ప్రింగ్ బిగుసుకుపోవడం, చేతి చోక్ ఉన్న బండ్లలో కేబుల్ పూర్తిగా వెనక్కి రాకపోవడం దీనికి కారణాలు. ఎయిర్ క్లీనర్ విప్పి, వేడి ఇంజిన్ మీద చోక్ పలక నిటారుగా నిలిచి ఉందో లేదో కంటితో చూస్తే సందేహం తీరుతుంది.

ఆగిన తీరు, ఆగాక రెండు నిమిషాలు

సమయాన్ని, చోక్‌ను పక్కన పెట్టగలిగితే మిగిలేది అసలైన వేడి. ఆ వేడి సాధారణంగా పెట్రోల్‌నైనా పట్టుకొని ఉండాలి, కరెంటునైనా పట్టుకొని ఉండాలి. రెండింటిలో ఏదన్నది ఇంజిన్ ఆగే తీరులోనే చాలావరకు తెలిసిపోతుంది. పెట్రోల్ అందక ఆగే ఇంజిన్ చెప్పి ఆగుతుంది: ముందు ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు, తరువాత కార్బ్యురేటర్‌లోంచి వెనక్కి దగ్గుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే మరింత నీరసిస్తుంది. స్పార్క్ పోయి ఆగే ఇంజిన్‌లో ఎక్కువసార్లు అంత మర్యాద ఉండదు. తాళంచెవి తిప్పి ఆపేసినట్టు టక్కున ఆగుతుంది, లేదా కొద్ది దూరం విపరీతంగా మిస్సింగ్ కొట్టి, సైలెన్సర్‌లో ఒకటి రెండు టపాకాయలు పేల్చి ఆగుతుంది. ఈ టపాకాయలు మంచి ఆధారం. మండని పెట్రోల్ సైలెన్సర్ దాకా చేరిందంటే పెట్రోల్‌కు కొరత లేనట్టే కదా.

బండిని పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బానెట్ ఎత్తాక మొదటి ప్రశ్న కార్బ్యురేటర్‌కు వెయ్యాలి. యాక్సిలరేటర్ పంపు (తొక్కగానే అదనంగా పెట్రోల్ చిమ్మేది) ఉన్న కార్బ్యురేటర్ అయితే ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజిన్ తిప్పకుండా, లివర్‌ను చేత్తో ఒక్కసారి లాగి లోపలికి టార్చి వెయ్యాలి. సన్నని పెట్రోల్ ధార చిమ్మితే ఫ్లోట్ బౌల్‌లో, అంటే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలవుండే గిన్నెలో, పెట్రోల్ ఉన్నట్టే. చిమ్మకపోతేనో, నురగలాగా కక్కితేనో బౌల్ ఖాళీ అయినా అయి ఉండాలి, మరుగుతూనైనా ఉండాలి. ఎస్‌యూ రకం కార్బ్యురేటర్‌కు ఈ పంపు ఉండదు కాబట్టి, అందులో బౌల్ మూత ఎత్తి మట్టం చూడటమే దారి.

రెండో ప్రశ్న స్పార్క్‌కు. బిగింపు క్లిప్పు ఉన్న స్పార్క్ టెస్టర్‌ను, అది లేకపోతే ఒక పాత ప్లగ్గును, స్పార్క్‌కు వేల వోల్టులు పుట్టించే కాయిల్ నుంచి వచ్చే లావు తీగకు తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజిన్‌కు గట్టిగా ఆనించి, మరొకరిచేత సెల్ఫ్ కొట్టించాలి. నీలంగా, చిటపటమంటూ దూకే స్పార్క్ మంచిది. పసుపుగా, సన్నగా, అప్పుడప్పుడూ వచ్చేది ఉన్నా లేనట్టే, ఎందుకంటే బయటి గాలిలో దూకగలిగిన స్పార్క్ సిలిండర్ లోపలి ఒత్తిడిలో దూకలేకపోవచ్చు. కార్బ్యురేటర్ మూత తీసి పెట్రోల్ ఆవిరులు లేస్తున్న చోట ఈ పని చెయ్యకూడదు. అందుకే ముందు పెట్రోల్ పరీక్ష ముగించి, ఎయిర్ క్లీనర్ తిరిగి పెట్టి, ఆవిరి చెదిరాక స్పార్క్ పరీక్షకు దిగాలి. దగ్గర్లో మంటలార్పే సిలిండర్ ఉంచుకోవాలి. మరో తెలివైన మార్గం కూడా ఉంది. స్పార్క్ వచ్చినప్పుడల్లా వెలిగే టైమింగ్ లైట్ క్లిప్పును కాయిల్ తీగకు తగిలించి, బండిని నిలిపి ఇంజిన్‌ను వేడెక్కనిచ్చి, ఆగే క్షణంలో ఆ లైటును చూడాలి. ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే వెలుగులు తప్పిపోతే నేరం కరెంటుది. ఇంజిన్ చివరి చుట్టు దాకా వెలుగులు లెక్క తప్పకుండా వస్తే, స్పార్క్ ముందుగా చావలేదన్నమాట, ఇక పెట్రోల్ వైపు నడవవచ్చు.

మరిగే పెట్రోల్

పెట్రోల్ ఒకే పదార్థం కాదు, ఎన్నో హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందుకే నీటిలాగా దానికి ఒకే మరుగు స్థానం ఉండదు. తేలిక భాగాలు దాదాపు 35-40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరవడం మొదలుపెడితే, బరువైనవి 200 డిగ్రీల దాకా మొండికేస్తాయి. ఇంజిన్ పక్కన బిగించిన మెకానికల్ పంపు ట్యాంకు నుంచి పెట్రోల్‌ను లాగుతుంది కాబట్టి, ట్యాంకుకూ పంపుకూ మధ్య గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. ఒత్తిడి తగ్గితే మరుగు స్థానమూ తగ్గుతుంది. సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా పోయే ఆ పైపులో పెట్రోల్ ఆవిరిబుడగలుగా మారితే, ద్రవాన్ని తోయడానికి పుట్టిన పంపు ఆ బుడగలను నొక్కుతూ వదులుతూ ఉండిపోతుంది, ముందుకు ఏమీ పోదు. వేపర్ లాక్ అంటే ఇదే. కొందరు దీన్ని ఎయిర్ లాక్ అంటారు గానీ ఇందులో గాలి లేదు. ఇంజెక్షన్ బండ్లలో ట్యాంకులోని పంపు చాలా వరకు 3 బార్ల వంటి ఒత్తిడితో పెట్రోల్‌ను తోస్తుంది కాబట్టి ఈ బాధ అరుదు. నేటి పెట్రోల్ ఆ బండ్లను దృష్టిలో పెట్టుకొని తయారవుతుంది. పైగా అందులో పది శాతం ఇథనాల్ కలిస్తే, విడిగా 78 డిగ్రీలకు మరిగే ఆ ఇథనాలే మిశ్రమం ఆవిరి ఒత్తిడిని కొంత పెంచుతుంది. పాత రబ్బరు గొట్టాలను కూడా అది మెత్తబరుస్తుంది. మెత్తబడ్డ గొట్టం వేడిలో, లాగుడుకు లోపలికి నొక్కుకుపోయి దారి మూసేయడం పైనుంచి చూస్తే తెలియదు.

వేపర్ లాక్‌కు కొన్ని లక్షణాలున్నాయి. అది నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో, పొడవైన ఎత్తులో, లేదా వేడి ఇంజిన్‌ను ఆపి పది పదిహేను నిమిషాల తరువాత మళ్లీ బయలుదేరినప్పుడు వస్తుంది. ఖాళీ రోడ్డు మీద మంచి వేగంతో పోతున్న బండికి అంత సులభంగా రాదు, ఎందుకంటే అక్కడ గాలి వీస్తుంది, పెట్రోల్ కూడా గొట్టాల్లో నిలవకుండా పారుతుంటుంది. అందువల్ల తీరిగ్గా ఒకే వేగంతో పోతూ ఆగిన బండికి ఎవరైనా వేపర్ లాక్ అని తీర్పు చెబితే నేను నమ్మను. అనుమానం ఉన్నచోట తడిగుడ్డ మంచి సాక్షి: ఆగిన వెంటనే పంపు మీద, దానికి వచ్చే గొట్టం మీద తడిగుడ్డ చుట్టి, ఒకటి రెండు నిమిషాల్లో ఇంజిన్ అందుకుంటే ఫిర్యాదు రుజువైనట్టే. వేడి పోత ఇనుము మీద నీళ్లు కుమ్మరించడం మాత్రం పగుళ్లను పిలిచి పీట వేయడమే.

ఆగిన ఇంజిన్ విషయంలో ఒక తమాషా ఉంది. ఫ్యాను ఆగి, నీటి ప్రవాహం ఆగి, ఇంజిన్ దిమ్మెలో ఉన్న వేడంతా పైకి లేచి బానెట్ కింద చేరడం వల్ల ఆపిన తరువాత కొన్ని నిమిషాల పాటు కార్బ్యురేటర్ నడుస్తున్నప్పటి కన్నా ఎక్కువ వేడెక్కుతుంది. బౌల్‌లోని పెట్రోల్ మరిగి నాజిల్ గుండా పొంగి సిలిండర్లకు మిశ్రమాన్ని చేర్చే ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లోకి కారుతుంది. వేపర్ లాక్‌లో పెట్రోల్ అందదు, ఇక్కడ పెట్రోల్ ముంచేస్తుంది. వేడి ఒకటే, ఫలితాలు ఎదురెదురు. ఘాటైన పెట్రోల్ వాసన వస్తూ ఇంజిన్ అందుకోకపోతే చోక్ ముట్టుకోకుండా, యాక్సిలరేటర్‌ను అడుగు దాకా తొక్కి పట్టి, పదే పదే ఊపకుండా సెల్ఫ్ కొట్టాలి. ఇది మాటిమాటికీ జరుగుతుంటే కార్బ్యురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య ఉండాల్సిన బేకలైట్ దిమ్మ, దాని కింది రేకు కవచం ఉన్నాయో లేదో చూడాలి. పాతకాలపు రిపేర్లలో "పనికిరాని రేకు" అని తీసి పారేసినవాటిలో ఈ కవచాలది అగ్రస్థానం.

అన్నిటికన్నా వింతైనది మంచు. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది కాబట్టి, చల్లగా, తేమగా ఉన్న వాతావరణంలో కార్బ్యురేటర్ గొంతులో మంచు పేరుకొని గాలిని ఆపగలదు. బయలుదేరిన కొద్దిసేపటికి బండి ఆగుతుంది, అయిదు పది నిమిషాలకు ఇంజిన్ వేడికి మంచు కరిగి, ఏ ఆధారమూ మిగలకుండా మళ్లీ నడుస్తుంది. ఎండలో రాక, చలిలో మాత్రమే వచ్చే "వేడి లోపం" ఉంటే అది ఇదే కావచ్చు. ఎయిర్ క్లీనర్‌కు వేడిగాలి తెచ్చే గొట్టం ఊడిపోయిందేమో చూడాలి.

వేడికి లొంగే కరెంటు

కార్బ్యురేటర్ లోపాల్లో సగానికి సగం కరెంటు లోపాలే అని పాత మెకానిక్‌లు హాస్యమాడుతుంటారు. లెక్క సంగతి ఎలా ఉన్నా, అందులోని దారి సరైనది. పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకునే స్విచ్చు), కండెన్సర్, కాయిల్‌తో నడిచే ఇగ్నిషన్‌లో పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్ ప్రైమరీ చుట్టలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం నిండుతుంది. పాయింట్లు విడగానే ఆ క్షేత్రం కూలి, సెకండరీలో వేల వోల్టులు పుడతాయి. విడిపోతున్న పాయింట్ల మధ్య కరెంటు మెరుపై దూకకుండా తనలోకి తీసుకొని, ఆ కూలడాన్ని వేగంగా, శుభ్రంగా జరిపించేది కండెన్సర్. దాని విలువ చాలా బండ్లలో 0.2 మైక్రోఫారడ్‌కు అటూ ఇటూ ఉంటుంది. లోపలి రేకు, కాగితపు చుట్ట వేడికి సాగి అతుకు వదిలితే స్పార్క్ చచ్చుబడుతుంది, పాయింట్లు కాలి నల్లబడతాయి. చల్లబడగానే అతుకు మళ్లీ తగులుకుంటుంది. పాయింట్ల మధ్య నీలపు మెరుపులు కనిపించడం, కొత్తగా వేసిన పాయింట్లే కొద్దిరోజుల్లో గుంటలు పడటం దీనికి గుర్తులు. అనుమానం తీర్చుకోవడానికి పాత కండెన్సర్ తీగను విడదీసి, మంచిదని తెలిసిన మరొకదాన్ని పాయింట్ల వైపు కాయిల్ టెర్మినల్‌కూ బాడీకీ మధ్య తాత్కాలికంగా క్లిప్పులతో తగిలిస్తే చాలు. పాతదాన్ని విడదీయకుండా పక్కనే మరొకటి పెడితే, పాతది షార్టయి ఉన్నప్పుడు ప్రయోజనం ఉండదు.

కాయిల్ విషయంలో మల్టీమీటర్ మనల్ని మోసం చేయగలదు. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి, 20 డిగ్రీల దగ్గర 3 ఓములు చూపిన ప్రైమరీ చుట్ట 90 డిగ్రీలకు 3.8 ఓములు చూపడం రోగం కాదు, సహజం. దాని ఫలితంగా కరెంటు అయిదో వంతు తగ్గుతుంది, కాయిల్‌లో నిలవయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మూడో వంతుకు పైగా పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కాయిల్‌కు ఆ నష్టాన్ని భరించే మిగులు ఉంటుంది. పాయింట్ల గ్యాప్ చెడి, ప్లగ్గుల గ్యాప్ పెరిగి, వైరింగ్‌లో వోల్టేజీ తగ్గుతున్న బండికి ఆ మిగులు ఉండదు. అసలు రోగం, అంటే చుట్టల మధ్య పూత వేడికి చెడి వేల వోల్టులు లోలోపలే దూకిపోవడం, మీటరులోని చిన్న బ్యాటరీకి కనబడదు. కాబట్టి నిరోధం సరిగ్గా ఉంది గనుక కాయిల్ మంచిదన్న మాట చెల్లదు. ఆగిన వెంటనే చల్లని మరో కాయిల్ తగిలించి చూడటమే నిజమైన పరీక్ష. కొత్త కాయిల్ కూడా చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే, బండిలో కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే బ్యాలస్ట్ నిరోధం ఉండి తీరాలా అన్నది చూడాలి. సుమారు 1.5 ఓముల బ్యాలస్ట్ రకం కాయిల్‌ను నిరోధం లేకుండా నేరుగా 12 వోల్టులకు కలిపితే అది తనను తానే ఉడకబెట్టుకుంటుంది.

డిస్ట్రిబ్యూటర్ లోపల బయటి టెర్మినల్ నుంచి పాయింట్ల దాకా పోయే జానెడు కన్నా తక్కువ మెత్తని తీగ ఒకటి ఉంటుంది. స్పార్క్ సమయాన్ని ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ పలకను కదిపినప్పుడల్లా అది వంగుతుంది, ఏళ్ల తరబడి వంగి లోపలి పోగులు తెగిపోయినా పైతొడుగు నున్నగానే కనిపిస్తుంది. వేడికి తొడుగు మెత్తబడ్డాక తెగిన కొసలు విడిపోతాయి. రెండు వేళ్లతో పట్టుకొని మెల్లగా లాగితే మంచి తీగ బిగువుగా ఉంటుంది, తెగినది రబ్బరులా సాగుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ స్పార్క్‌ను పంచే రోటార్‌లో సన్నని పగులు గుండా స్పార్క్ షాఫ్టులోకి దిగిపోవడం, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగించిన బండ్లలో పాయింట్ల పని చేసే మాడ్యూల్ అడుగున వేడిని లాగే పేస్టు ఎండిపోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఇంజిన్ లోపలి కారణాలు అరుదు గానీ లేకపోలేదు. టాపెట్ గ్యాప్, అంటే వాల్వుకూ దాన్ని తెరిచే భాగానికీ మధ్య సందు, బిగుతుగా ఉంటే వేడికి సాగిన ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది; చల్లగా ఉన్నప్పుడు తీసిన కంప్రెషన్ అంకెలను వేడిగా ఉన్నప్పటివాటితో పోల్చితే తెలుస్తుంది. రేడియేటర్ నిజంగానే మరుగుతుంటే ముందు దాని సంగతి చూడాలి, వేడిగా ఉండగా మూత తీయకూడదు.

చివరిది రుజువు. కొత్త భాగం వేశాక బండి ఆగలేదంటే సరిపోదు. ఆ రోజు ఎండ తక్కువై ఉండవచ్చు, విప్పి బిగించడంలో మరో వదులు అతుకు సర్దుకొని ఉండవచ్చు. నా సెడాన్‌లో కొత్త కండెన్సర్ మూడు మధ్యాహ్నాలు గంటేసి నడిపినా తట్టుకుంది. నాలుగో రోజు దాన్ని తీసి పాతదే మళ్లీ వేసి, అదే దారిలో, అదే ఎండలో బయలుదేరాను. ఇరవై రెండో నిమిషంలో బండి ఆగింది.